అమ్మకు క్లచ్ అర్థమైన రోజు

మా చిన్నప్పుడు... అంటే నేను హైస్కూల్లో ఉండగా, ఆ కోవిడ్ రోజుల్లో... ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో మూతపడిన ఓ షాపు ముందు, ఖాళీ కార్ పార్కులో మా పాత కారు కప్పలా గెంతి ఆగిపోయేది. స్టీరింగ్ ముందు అమ్మ, పక్కన నాన్న, వెనక సీట్లో నేను.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. రోజూ అమ్మను తన కారులో తీసుకెళ్లే పక్కవీధి ఆంటీతో ఇక కలిసి రావద్దని ఆసుపత్రి వాళ్లు అన్నారు. నాన్న షిఫ్టుకీ అమ్మ షిఫ్టుకీ పొసగదు. డ్రైవింగ్ స్కూళ్లు మూతపడ్డాయి, నేర్పాల్సింది నాన్నే. ఆసుపత్రి వాళ్లకు మాత్రం డ్రైవింగ్ టెస్టులు పెడుతున్నారు... అమ్మకు తేదీ వచ్చేసింది!

ఆ సాయంత్రం ఇంజన్ ఆగీ ఆగీ, అమ్మ స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేసింది.

"నాతోని కాదు. వార్డుల మనుషులు లేరు, నేనేమో ఈడ ఇట్ల..."

ఇంటికొచ్చాక నాన్న "బిడ్డా, ఆ ప్రెస్‌లకెళ్లి... గదే, కిచెన్ అల్మారలకెళ్లి రెండు గిన్నె మూతలు తే" అన్నాడు. ఆయన ఓ ప్లాంటులో యంత్రాలు చూసుకునే ఇంజనీరు. రెండు మూతలకీ గరుకు కాగితం అంటించాడు. ఒకటి డ్రిల్లుకు బిగించాడు. రెండోదాని పిడి అమ్మ వేళ్ల మధ్య పెట్టాడు.

"నాది ఇంజన్, తిరుగుతనే ఉంటది. నీది చక్రం, ఆగి ఉన్నది. ఒక్కసారే కలిపితే ఏమైతదో చూడు."

టక్కున ఆనించాడు. అమ్మ చేతిలోని మూత ఎగిరి సింకులో పడింది... నేను పకపకా నవ్వాను.

"ఇప్పుడు మెల్లగ తాకనియ్యి."

ముందు జర్రుమని జారింది... కాస్త నొక్కేసరికి అమ్మ మూత కూడా కదిలింది... ఇంకొంచెం నొక్కితే రెండూ ఒకే వేగం!

"కొంచెం జారనియ్యాలె. జారుకుంటనే పట్టుకుంటది. క్లచ్ పని గంతే."

మర్నాడు అమ్మ క్లచ్ మీంచి పాదం నెమ్మదిగా పైకి లేపింది. కారు... గెంతలేదు. కదిలింది! "యూ ఆర్ గ్రాండ్, అమ్మా!" అని వెనక నుంచి అరిచాను.

టెస్టు పాసైంది. అమ్మ మొదటిసారి ఒంటరిగా డ్యూటీకి బయల్దేరిన ఉదయం, నైట్ షిఫ్టు నుంచి వచ్చిన నాన్న బూట్లు కూడా విప్పకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. కారు మలుపు తిరిగిపోయినా కదల్లేదు. ముంజేతితో కళ్లు తుడుచుకోవడం కిటికీలోంచి చూశాను...

ఇప్పుడు నాకు కార్క్ నగరంలో ఉద్యోగం. ఎవరి కారు వాళ్లకుంది... ముగ్గురం ఒకే కారులో కూర్చుని ఎన్నాళ్లైందో! ఊరంతా తలుపులు వేసుకున్న రోజుల్లోనే మేం ఎక్కువగా కలిసి తిరిగామేమో...

ఆ రోజుల్లో మీ ఇంట్లో అమ్మ ఏం కొత్తగా నేర్చుకుంది? చెప్పండి... వినాలని ఉంది.