పసుపు జెండా ఊపింది నేనే

పక్క ఫ్లాట్ టీవీలో రేసు కార్ల మోత మొదలైంది. గల్ఫ్‌లో మేముండే ఈ అల్ మన్సూరాలో గోడలు అట్టముక్కలతో సమానం. గంటసేపు జోకొడితే పడుకున్న పాప ఉలిక్కిపడి లేచింది. దాన్ని మళ్ళీ భుజాన వేసుకుని తిరుగుతుంటే యాకూబ్ భాయ్ మీద కోపం వచ్చింది. ఆ మోత విన్నప్పుడల్లా వస్తుంది.

ఆయన మా పై అంతస్తులో ఉండేవారు. నిజామాబాద్ మనిషి, ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్. రేసులప్పుడు ట్రాక్ పక్కన జెండాలు ఊపే వలంటీర్ల జట్టుకు చీఫ్. పెళ్ళయి కొత్తగా వచ్చి, ఇంట్లో తోచక నేనూ ఆ జట్టులో చేరాను. ఆ ఏడాది ప్రపంచ టైటిల్ ఇద్దరు డ్రైవర్ల మధ్య ఎటూ తేలకుండా ఇక్కడి రేసుదాకా వచ్చింది. లిఫ్టులో కనిపిస్తే చాలు, ఎవరికెన్ని పాయింట్లో అప్పజెప్పేవారు. విసుగొచ్చేది. శిక్షణలో అంతకంటే విసుగు.

"ఏందమ్మా, గాలి కదిలినా పసుపు జెండా ఊపుతవా? అది చూస్తే వాళ్ళు స్పీడ్ తగ్గించాలె. ఉత్తగనే ఊపితే ఒకని కష్టం మట్టిల కలుస్తది."

"నిజంగా ప్రమాదమైతేనో భాయ్?"

"ముందుగాల చూడు. చూసినంక ఊపు. యల్లా, కానియ్యి, మళ్ళ!"

శనివారం, మర్నాటి రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో, ట్రాక్ బయట, కంకరలో, ఒక ప్లాస్టిక్ కవర్ ఎగిరింది. నాకంటే ముందే నా చెయ్యి లేచింది. టైటిల్ పోటీలో ఉన్న డ్రైవర్ పసుపు చూసి వేగం తగ్గించాడు. ఆ చుట్టులో అతనికి రావలసిన మంచి టైమ్ పోయింది. ఊపిందెవరని రేడియోలో కంట్రోల్ రూమ్ అరిచింది. యాకూబ్ భాయ్ నా వైపైనా చూడకుండా, ఊపమన్నది తానేనని చెప్పేశారు.

"అదేంటి భాయ్! తప్పు నాది కదా, నేను చెప్తానుండండి."

"సప్పుడు జేయకు. చెప్తే రేపు నిన్ను రానియ్యరు."

"మరి మిమ్మల్ని?"

"నాకు రేసులు కొత్తనా?"

కొత్త కాదు. కానీ ఆ ఆదివారం కోసం ఆయన ఆ ఏడాది ఊరికి పోకుండా సెలవులు దాచుకున్నారని నాకు తెలుసు. ఆయన్ని రావద్దన్నారు. నేను వెళ్ళాను. ఆయన టీవీలో చూసిన రేసును నేను కంచె పక్కన నిలబడి చూశాను. తిరిగొచ్చాక ఆయన అడిగింది ఒక్కటే.

"ఎన్నిసార్లు ఊపినవ్?"

"ఒక్కసారి. కారు నిజంగానే గిర్రున తిరిగింది."

"మంచిగ చేసినవ్. చాయ్ తాగుతవా?"

తిడితే నాకు హాయిగా ఉండేది. తిట్టరు కదా! తర్వాతి ఏడాది ఆయన్ని పిలవలేదు. ఆ తర్వాత ఊరికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు పాప మంచం పట్టుకుని నిలబడితే పడుతుందనే అనిపిస్తుంది. కేక వేయబోయి ఆగుతాను. చూస్తాను. పడేటట్టుంటేనే చెయ్యి చాస్తాను. ఇలా ఆగడం ఆయన నేర్పిందే. ఆ శనివారం, తప్పు నాదని చెప్పబోయీ ఆగాను. రేడియో నా పక్కనే ఉంది, నోరు విప్పితే చాలు. ఆయన వద్దన్నారు కాబట్టి ఊరుకున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అందుకు కాదు. ఆ రేసు నేనూ చూడాలనుకున్నాను.