వందలోంచి ఏడు

మా తమ్ముణ్ణి కిక్‌బాక్సింగ్ హాల్లో అందరూ ‘బండ’ అనేవారు. ఎంత కొట్టినా కదలడని ఆ పేరు. పగలు అద్దాల కొట్లో పని. కిటికీలకూ అల్మారాలకూ గాజు పలకలు కోసేవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పలక చెత్తలోకే పోతుంది, వాడి చేతిలో ఏడాదికొకటి కూడా పోయేది కాదు. సాయంత్రం ఆ చేతులకే పట్టీలు చుట్టుకుని, నా కుట్టు కొట్టు మేడమీదున్న హాలుకెళ్లి తన్నులు తిని వచ్చేవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. నేను పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఒక బండ చాలదా?

దెబ్బలు మాన్పడంలో ఆరితేరాను. మొదటిరోజు ఐసు, మూడోరోజు వేడినీళ్ల కాపడం, పక్కటెముకలకు కట్టు, దవడ వాస్తే స్ట్రాతో పాలు. ఒళ్లు మొండిదే గానీ నాలుగు రోజులు ఓపిక పడితే మాట వింటుంది. తల సంగతి నాకు తెలియదు. తెలుసనుకున్నాను.

తలకోసం హాలు నడిపే మాస్టారి దగ్గర ఒక పరీక్ష ఉండేది. ప్రాక్టీసులో తలకు గట్టి దెబ్బ తగిలినవాడు మూడు వారాలు రింగు ఎక్కకూడదు. ఆ తర్వాత సోమవారం అందరి ముందూ కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడి, వందలోంచి ఏడేసి తీసేస్తూ చివరిదాకా చెప్పాలి. తడబడితే మళ్లీ మూడు వారాలు ఇంట్లోనే. మంచి పరీక్షే. కానీ ఆ హాల్లో ఇంట్లో కూర్చున్నవాడికి మొహం చూపించే దారి ఉండదు. అందుకని అందరూ దాన్ని ఎక్కంలా బట్టీపట్టేశారు. కొత్తగా చేరినవాడికి గుద్దడం కన్నా ముందు అదే నేర్పేవారు. మాస్టారికి తెలియదా అంటే, తెలియనట్టే ఉండేవారు.

మా వాడికి టేపు మీది అంకెలు తప్ప లెక్కలు పడవు. బడిలో ఏడో ఎక్కం దగ్గరే చదువుకు దండం పెట్టేశాడు. వాడిచేత బట్టీపట్టించింది నేను. మిషన్ తొక్కుతుంటే ఒక్కో తొక్కుకూ ఒక్కో అంకె. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. తప్పితే మోకాలి మీద స్కేలుతో ఒకటి. నెల తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా చివర మిగిలే రెండుదాకా గడగడా అప్పజెప్పేవాడు. చెప్పి, బాగా చెప్పానా అక్కా అని అడిగేవాడు, బడిపిల్లాడిలా.

పెద్ద పోటీకి నెలముందు ప్రాక్టీసులో ఎవడి మోకాలో వాడి కణతకు తగిలింది. పడలేదు. నవ్వాడట. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. నాలుగురోజులు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నాడు. వాపు నేను వారంలో దించేశాను. పదిహేనోరోజుకు మొహంమీద మచ్చ లేదు. నా వైద్యానికి నేనే మురిసిపోయాను.

ఆ వారమే అద్దాల కొట్టు యజమాని వచ్చాడు. మీవాడు ఒకే అద్దాన్ని మూడుసార్లు జానెడు పొట్టిగా కోశాడమ్మా, ఓసారి చూసుకోండి అన్నాడు. ధ్యాసంతా పోటీమీద ఉంది లెండి అని పంపేశాను. వాడు తాళంచెవి పట్టుకుని, దాంతో ఏం చెయ్యాలో తెలియక తలుపు ముందు నిలబడిపోవడం కూడా చూశాను. చూసి, తలుపు నేనే తీశాను.

పరీక్షకు ముందురోజు సాయంత్రం వచ్చి మిషన్ పక్కన కూర్చున్నాడు.

“అక్కా, తల్లో ఏదో బాలేదు. రేపు కావాలనే తప్పు చెప్తాను. నువ్వు ఏమీ అనకు.”

అప్పుడు నేను వాడి పోటీ కోటు వీపుమీద పచ్చదారంతో ‘బండ’ అని కుడుతున్నాను. వీధివీధంతా ఆ కోటు చూపించి చెప్పుకున్నాను.

“నాలుగు రోజులైంది ఇది కుట్టబట్టి. భయమేస్తే చెప్పు. గాజులు తొడుక్కుని నా పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుందువుగాని.”

వాడు కింద పడిన దారపు ఉండ తీసి నాకిచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

సోమవారం నేను హాలు మెట్లమీద నిలబడి చూశాను. ఒంటికాలి మీద ఊగి గోడకు చెయ్యి ఆనించాడు. మాస్టారు అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. అంకెలు మాత్రం ఒక్కటీ పోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? వాళ్లను అని ఏం లాభం, నేనూ కొట్టాను.

పోటీలో రెండో రౌండులో తగిలింది ఏమంత దెబ్బ కాదు. మామూలు రోజుల్లో అయితే తుడుచుకుని పోయేవాడు. పడ్డాడు, లేవలేదు. ఆస్పత్రిలో తల కోసి, లోపల గడ్డకట్టిన రక్తం తీశారు. రెండు నెలలకు ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి లేవదు. చొక్కా గుండీ పెట్టుకోలేడు. మాట లేదు. ఒక్కోరోజు నన్ను కూడా ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూస్తాడు.

మొన్న మాస్టారు, పోటీ కమిటీ మనిషి కలిసి వచ్చారు. పోటీకి దించే ముందు పరీక్ష పెట్టానండీ, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు, ఈవిడ కూడా అక్కడే ఉంది అన్నారు మాస్టారు. కమిటీ ఆయన కలం తీసి నా వైపు తిరిగాడు.

“నిజమేనా అమ్మా?”

బట్టీ అని చెప్పాలంటే, పట్టించింది ఎవరో చెప్పాలి. కావాలనే తప్పు చెప్తానన్న మాటా చెప్పాలి.

“నిజమేనండి. ఒక్క తప్పు కూడా లేదు” అన్నాను.

రాసుకుని వెళ్లిపోయారు. ఎవరిదో లంగా అంచు సగంలో ఉంటే మిషన్ దగ్గర కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను. వెనకనించి మా తమ్ముడి గొంతు వినిపించింది. పోటీ తర్వాత మొదటిసారి. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. కాలు ఆపితే ఆగాడు. తొక్కితే చెప్పాడు. తొక్కుతూనే ఉన్నాను. రెండు దగ్గర ఆగి, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“బాగా చెప్పావురా” అన్నాను.