నక్కను పిలువపోయి నేను కొన్న కుర్చీ

కుర్చీల కూసునుడు గూడ ఒక పనేనా అంటరా? జర ఆగుండ్రి. నేను కూసొని జేసిన ఆగం ఇన్నంక, మీరిప్పుడు కూసున్న కుర్చీని గూడ ఒకపారి ఒత్తి చూసుకుంటరు.

ఒమన్‌ల బర్కా దగ్గర ఖర్జూర తోటల మోటర్లు, పైపులు చూసుకునుడు నా డ్యూటీ. అర్బాబ్ అంటే మా తోట యజమాని, సాలిం సాబ్. ఆయన తల్లి మనవళ్లను సాకినట్టు సాకుతున్న కోళ్లను నక్క ఎత్తుకపోవుడు మొదలువెట్టింది. పాపం, ముసలమ్మ అన్నం ముట్టుతలేదు.

"నక్కకు దెబ్బ తగలొద్దు. ఎక్కడినుంచి లోపలికొస్తుందో చూడండి, అక్కడ ఇనుప జాలి కొడదాం" అన్నడు అర్బాబ్, తనకొచ్చిన హిందీల.

దానికి మల్లన్నే దిక్కు. నిర్మల్ మనిషి, నా రూమ్‌ల ఉంటడు. పిడికిలి నోటికాడ వెట్టి, దెబ్బ తాకిన కుందేలు లెక్క ఏడుస్తడు సూడుండ్రి, ఏం కళ అది! ఇన్నోళ్లకు ఉరికి పోయి కాపాడాలనిపిస్తది. ఆకలిగొన్న నక్క ఆగుతదా? కాకపోతే ఆయనకు మోకాళ్ల నొప్పి. నేల మీద ఎక్కువసేపు కూసోలేడు.

"తమ్మి, మడతవెట్టే సీటు ఒకటి తే. కిందికుండాలె, సప్పుడు చెయ్యొద్దు, ఇసుకల దిగొద్దు."

"గంతేనా? నాకిడిసిపెట్టే" అని బజారుకు పోయిన.

దుకాణంల కేరళ భాయ్ ఒక పొట్టి స్టూల్ తీసిండు. కాళ్ల కింద వెడల్పు పట్టీ, మట్టి రంగు గుడ్డ.

"రేత్ మే యహీ చలేగా, భాయ్" అన్నడు, ఇసుకల ఇదే పనికొస్తదని.

"ఇది మా అవ్వ బియ్యం చెరగనీకె కూసునే పీట లెక్కున్నది. అది చూపియ్" అన్న. అది అంటే ఏందనుకున్నరు? ఎర్రగ మెరిసే పెద్ద కుర్చీ! చేతులు పెట్టనీకె పట్టీలు, తలకు దిండు, నీళ్ల బాటిల్‌కు సంచి. దుకాణంల టైల్స్ మీద కూసొని చూసిన. పెండ్లికొడుకు గూడ అంత దర్జాగ కూసోడు.

పొద్దు వాలుతుండంగ కంచె పక్కన కుర్చీ వేసిన. మల్లన్న దాని చుట్టూ ఒక రౌండ్ గొట్టిండు.

"తమ్మి, ఇది నక్కను పిలువనీకెనా, దానికి సన్మానం జెయ్యనీకెనా?"

"కూసోరాదే, మోకాళ్లకు సుఖం."

"నువ్వే కూసో" అని తువ్వాల మడతవెట్టి, నొప్పి ఓర్చుకుంటనే ఇసుకల కూసున్నడు. ఒక్క మాట గూడ తిట్టలేదు. అసొంటి మనిషి!

అర్బాబ్ ఖర్జూర చెట్టు చాటున నిలవడ్డడు. మల్లన్న కుందేలై ఏడ్సుడు మొదలువెట్టిండు. నేను ఊపిరి తీస్తే కుర్చీ కిర్రుమంటున్నది. ఊపిరి ఆపితే నా కడుపు గుర్రుమంటున్నది.

"కదలకు" అన్నడు మల్లన్న చిన్నగ.

"నేను కదుల్తలేనే, కుర్చీ దిగుతున్నది!"

ఎనుక కాళ్లు రెండు ఇసుకల కూరుకపోయినయి. లేద్దామని ముందుకు వంగిననో లేదో, అది గాలికి మూసుకున్న గొడుగు లెక్క టప్పున ముడుసుకున్నది. నేను లోపట! బొటనవేలు ఇనుప కడ్డీల మధ్యల!

ఏమని అరిసిననో నాకు తెల్వది. కుయ్యిమన్ననో, కీచుమన్ననో.

అంతే, నీళ్ల కాలువ కంచె కిందికెళ్లి పోయే సందులకెళ్లి నక్క ఉరికొచ్చింది! ఇసుక రంగు ఒళ్లు, విస్తరాకులంత చెవులు, దీపాలసొంటి కండ్లు. నాకు ఎదురుంగ నిలవడి తల పక్కకు వంచి చూసింది. నొప్పి మరిసిపోయిన. ఎంత సక్కగున్నదో! ఇంత పెద్ద కుందేలును ఎట్ల మొయ్యాల్నో సమజ్ గాక కావచ్చు, ఎనుకకు మర్లి మల్ల అదే సందుల దూరింది.

"దొరికింది తొవ్వ!" అని మల్లన్న లేసిండు. ఆ సందుకు జాలి కొట్టినంకనే నన్ను కుర్చీలకెళ్లి ఊడగుంజిండు.

కోళ్లు బతికినయి, ముసలమ్మ అన్నం తిన్నది. మల్లన్న నా బొటనవేలుకు పసుపు రాసుకుంట, "ఇన్నేండ్లు ఏడ్చిన గని, నీ అంత మంచిగ ఎన్నడు ఏడ్వలేదు తమ్మి" అన్నడు. అర్బాబ్ నవ్వి నవ్వి కండ్లు తుడుసుకొని నాకొక పేరు వెట్టిండు: అర్నబ్. అరబ్బీల కుందేలు అని. తోటకు ఆయన అర్బాబ్, నేను అర్నబ్.

అందుకే అందరి ముందట ఒట్టు పెడుతున్న. ఇసుకల నాలుగు సన్నకాళ్లున్న దేని మీద గూడ ఈ జన్మల కూసోను. ఒంటె అయినా సరే.