వంతెన మీది మేస్త్రీ

ఎండాకాలం వచ్చిందంటే ఈ వీడియోగేము రిమోట్‌కి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క మెత్తబడి వేళ్లకు అంటుకుంటుంది. ఆ రబ్బరు వాసన తగిలితే చాలు, డోన్ బజారులో మా నాన్న స్టీలు సామాన్ల అంగడి పక్కనున్న ఇరుకు గది గుర్తొస్తుంది. అందులో రెండు టీవీలు, వాటి ముందు బోర్లించిన కూల్‌డ్రింక్ క్రేటు, దాని మీద ఆయాసపడుతూ మస్తాన్ అన్న. ఈ ట్యూబు చుట్టింది అన్నే. "నీ చేతులకు శానా చెమట పాపా, రిమోట్ జారిపోతాంది" అన్నాడు.

అన్న అంతకుముందు మంగంపేటలో ముగ్గురాయిని పొడికొట్టే మిల్లులో పనిచేశాడు. ఆ పనిలో రెండు వేళ్లు నలిగి బిగుసుకుపోయాయి. తర్వాత ఊపిరీ చెడింది. జైబూన్ వదిన పుట్టిల్లు డోన్ కాబట్టి ఇక్కడికొచ్చి ఆ గేముల అంగడి పెట్టుకున్నాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగపు పరీక్ష నాలుగోసారి తప్పి, నాన్న అంగట్లో గిన్నెల మీద దుమ్ము తుడుస్తూ, "ఇప్పుడేం చేస్తాండావమ్మా" అని ఎవరడుగుతారోనని హడలిపోతూ బతికేదాన్ని. మధ్యాహ్నం నాన్న కునుకు తీసే గంటసేపు అన్న గదిలో దూరేదాన్ని.

అక్కడొక గేము ఉండేది. కత్తి పట్టుకున్న ఒంటరి మనిషి కొండలూ గుహలూ దాటి ఒక రాతి వంతెన దగ్గరికి చేరతాడు. వంతెన మీద సమ్మెట ఎత్తుకుని తాటిచెట్టంత రాక్షసుడు. అందరూ వాణ్ని బాసు అనేవారు, అన్న మాత్రం మేస్త్రీ అనేవాడు. "మా మిల్లులో మేస్త్రీ ఇట్లే నిలబడేటోడు, దారికడ్డంగా." బిగుసుకుపోయిన వేళ్లతో అన్న ఆడలేడు. అందుకే నన్ను అడిగాడు. "ఆ వంతెన అవతల ఏముండాదో ఒక్కసారి చూడల్ల పాపా. నువ్వు దాటించు నన్ను." ఫోన్లో వీడియో చూపిస్తానంటే ఒప్పుకోలేదు. "వేరేటోడు దాటితే మనం దాటినట్లా?" అన్నాడు.

నేను పోయీ పోగానే కత్తి ఝళిపించేదాన్ని. ఒక్క సమ్మెట దెబ్బకు చచ్చేదాన్ని.

"కొట్టాలని అంత తొందరేంది నీకు? పదిసార్లు ఊరికే చచ్చిపో. వాని భుజం చూడు. సమ్మెట కాదు, భుజం."

"చచ్చేదానికా అన్నా నేను ఈడికొచ్చింది?"

"చావకుండా ఎవరికి తెలుస్తాది పాపా వాడు ఎట్ల కొడతాడో!"

నిజంగానే పదిసార్లు చచ్చాను. కుడి భుజం కిందికి వాలితే సమ్మెట నేల మీద పడుతుందని, రెండు భుజాలూ లేస్తే గిర్రున తిరుగుతాడని అప్పుడు తెలిసింది. వెనక్కి దొర్లితే సమ్మెట అందుకుంటుంది, వాడి చంక కిందికే దొర్లాలి. దొర్లి ఒక్క వేటు వెయ్యాలి. రెండోదానికి ఆశపడకూడదు. "ఆశకు పోతే గోచి ఊడుతాది" అని నెత్తిన మొట్టేవాడు. పుస్తకాలతో నాలుగేళ్లు కుస్తీ పట్టినా నాకు అబ్బని ఓపిక ఆ క్రేటు పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఇక మిగిలింది గాయాలకు వాడే మందు. మూడు సీసాలే ఇస్తారు. నేను మొదటి దెబ్బకే ఒకటి గటగటా తాగించేదాన్ని. అన్న తల బాదుకునేవాడు. "దాచిపెట్టు! వాని బలం సగానికి దిగినాక ఒళ్లంతా ఎర్రగయితాది. అప్పుడుండాది అసలు కత. మందు అప్పటికి." సరేనని దాచడం మొదలుపెట్టాను. ఎంత బాగా దాచానంటే, ఒకరోజు మూడు సీసాలూ నిండుగా ఉండగానే చచ్చిపోయాను. అన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు. "మందు మిగిలిపాయ, మనిషి పాయ!"

ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. పెదాలు నల్లబడ్డాయి.

"అన్నా, పీల్చే మందు ఉండాది కదా, పీల్చుకోరాదా?"

అన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "ఇది చిన్న దెబ్బ పాపా. దినామూ పీలిస్తే ఒంటికి అలవాటయి పనిచెయ్యదు. చలికాలం వస్తాది కదా, దాచిపెట్టుకుంటాండా."

నాకు ఆ మాట నచ్చింది. ఈ పాపం ఎక్కడ కడుక్కోవాలో నాకు తెలియదు. మంచి శిష్యురాలిలా తల ఊపి మళ్లీ ఆటలో పడ్డాను.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున ఇంటి దగ్గర అన్నకు ఊపిరాడలేదట. మందు ఎక్కడ అని వదిన అడిగితే, వేలితో బజారు వైపు చూపించాడట. ఇంట్లో ఉంటే వదిన రోజూ వాడమని పోరుతుందని, మందంతా గేముల అంగట్లో దాచుకున్నాడు. తాళంచెవి వెతికి, పరిగెత్తి, షట్టర్ ఎత్తేసరికే అంతా అయిపోయింది.

నలభై రోజుల తర్వాత వదిన ఆ ఆట మిషన్ను, ఈ రిమోట్‌ను నాకిచ్చింది. టీవీ వెనకాల దొరికిన అట్టపెట్టె తెరిచి చూపించింది. మూత తియ్యని పీల్చే మందులు మూడు, చింపని మాత్రల అట్టలు.

"ఇవన్నీ ఎందుకు దాచినాడు పాపా? నీకేమన్నా చెప్పినాడా?"

"లేదొదినా" అన్నాను.

ఆ అబద్ధం ఇప్పటికీ దిద్దుకోలేదు. పరీక్ష పాసయ్యాను, రాయచోటిలో ఉద్యోగమొచ్చింది. ఫైళ్ల ముందు ఓపిగ్గా కూర్చుంటాను, ఎదుటి మనిషి భుజం చూసి కోపం పసిగడతాను. అదంతా అన్న పెట్టిన భిక్షే. కానీ మా ఆఫీసులో ఎవరైనా దగ్గితే నా పని ఆగిపోతుంది. "మందు వేసుకున్నారా?" అని అడిగి, ఔనన్నా నమ్మక, వాళ్లు విసుక్కునేదాకా నిలబడతాను.

ఆదివారం మధ్యాహ్నాలు మేస్త్రీ ముందుకు వెళ్తాను. వాడి ప్రతి దెబ్బా నాకు కంఠతా వచ్చు. దాటాలనుకుంటే వంతెన దాటగలను. కానీ చిన్న గీత పడగానే మొదటి సీసా తాగించేస్తాను, వెంటనే రెండోది, మూడోది. వాడు ఎర్రబడేసరికి నా దగ్గర ఏమీ ఉండదు. సమ్మెట పడుతుంది. వంతెన అవతల ఏముందో అన్న చూడలేదు, నేనూ చూడను. ఓడిపోయాక మాత్రం ప్రతిసారీ తెర మీద మూలకు చూస్తాను, సీసాలు మూడూ ఖాళీ అయ్యాయా లేదా అని.