దూలయ్య దగ్గు

దూలయ్య ఊపిరితిత్తులకు ఏ జబ్బూ లేదు. అయినా ఆయన దగ్గుతాడు.

పినపాక దాటాక బొగ్గు లారీలు తిరిగే దారిలో ఆయన ఊరుంది. బయటి గాలి దేశ ప్రజల ఊపిరిని ఏం చేస్తోందో తేల్చే ఒక సర్వే కోసం నేను అక్కడ నెలరోజులు ఫారాలు నింపాను. నా పద్ధతికి లొంగని మనిషి ఆయనొక్కడే. భోజనాల వేళ బొగ్గు యార్డు షెడ్డులో కలిశాను.

"గత రెండు వారాల్లో దగ్గు వచ్చిందా?"

"వచ్చింది."

"ఎన్నిసార్లు?"

"మీరొచ్చినంక నాలుగు. ఉండుండ్రి... ఐదు."

ఊపిరి బలం కొలిచే గొట్టమిచ్చి ఊదమన్నాను. ముల్లు చివరికంటా వెళ్లి అక్కడే నిలబడింది. మూడు ఊళ్లలో ఏ పడుచువాడికీ రాని అంకె యాభై ఆరేళ్ల మనిషికి వచ్చింది. ఆయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దగ్గాడు.

"ఖరాబైనట్టుంది మేడమ్. ఇంకోటి తెండ్రి."

ఆ దగ్గు భరించలేకే సూపర్‌వైజరు మురళీకృష్ణ కూలీల ఆటో మానేసి మోటారు సైకిలు కొన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. నా దగ్గర ఆధారం లేదు. లారీలో బొగ్గు మీద కప్పే పట్టా ఒంటిచేత్తో కట్టగలడు గనుక దూలయ్యను మాత్రం ఎవరూ పనిలోంచి తీసేయరు.

ఆయన భార్య సమ్మక్క వాంగ్మూలం వేరు. "ఇంట్ల ఎన్నడు దగ్గడు మేడమ్. యార్డుకు పోతెనే ఆ రోగం."

వృత్తి సంబంధమైన రుగ్మత అని రాసుకున్నాను. పొరబడ్డాను.

మర్నాడు పొద్దున యార్డులో హాజరు వేళ పక్కన నిలబడి చూశాను. పదిమంది వరుస. దూలయ్య పక్కన భీమక్క. నా ఫారంలో ఆమెకు దగ్గు 'లేదు'. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు అదిరాయి. అదే క్షణంలో దూలయ్య షెడ్డు రేకులు మోగేలా దగ్గాడు.

"మళ్లీ నువ్వేనా దూలయ్యా?" అన్నాడు మురళీకృష్ణ తలెత్తకుండా.

"నేనే సార్. పాత ఇంజను."

కిందటి వేసవిలో దగ్గిన ఒకామెను మురళీకృష్ణ ఇంటి దగ్గర రెస్టు తీసుకోమన్నాడట. మళ్లీ పనికి పిలవలేదు.

ఆ బుధవారం బడిలో ఛాతీ డాక్టరు శిబిరం. భీమక్క రానంది. "పోతె సారుకు తెలుస్తది మామా. నా పని పోతది."

"నీ ఒక్కదానికే అయితె పోతది," అన్నాడు దూలయ్య.

బుధవారం హాజరులో మొదటి పేరు పిలవగానే జవాబుగా దగ్గు వచ్చింది. రెండో పేరుకూ అంతే. కొందరిది మరీ నాటకీయంగా ఉంది. లాలు అనే పట్టా కూలీ దగ్గబోయి తుమ్మాడు. పదో పేరు భీమక్కది. ఏడాది నుంచి దిగమింగుకుంటున్నదంతా ఆమె కొంగు అడ్డం లేకుండా దగ్గింది.

"అందరికీనా?" అన్నాడు మురళీకృష్ణ.

"అందరికి సార్. గాలి అందరిదాయె," అన్నాడు దూలయ్య.

ఏదో అనబోయి మురళీకృష్ణ కూడా దగ్గాడు. అందరిలోకీ అదే ఎక్కువసేపు సాగింది. దూలయ్య మంచినీళ్లు అందించి, "నటన బాగ చేసిండ్రు సార్," అన్నాడు.

అది నటన కాదు. శిబిరం వరుసలో మురళీకృష్ణ భీమక్క వెనకాలే నిలబడ్డాడు. ఇద్దరికీ డాక్టరు ఒకే రకం పీల్చే మందు రాశాడు, ఇద్దరికీ దుమ్ములో నిలబడొద్దని చెప్పాడు. మురళీకృష్ణ హాజరు బల్లను ఆఫీసు గదిలోకి మార్చుకున్నాడు. గదిలో చాయ్ పని భీమక్కకు ఇచ్చాడు.

ఆ తర్వాత వారమంతా దూలయ్య దగ్గలేదు. సర్వే చివరి రోజున, భీమక్క ఫారం దిద్దాక, సరిదిద్దడానికి ఆయన ఫారం తీశాను.

"ఉండనియ్యి మేడమ్. లెక్కల ఒకటి ఎక్కువుంటె ఏంబోతది?"

"పద్ధతి ఒప్పుకోదు," అని 'ఉంది' కొట్టేసి 'లేదు' రాశాను.

ఫారాలు సంచిలో సర్దుకుని గేటు దాటుతుంటే, నా వెనక షెడ్డు రేకులు మోగేలా పాత ఇంజను దగ్గింది.