అంగారకుడి మీద ఊక ఎవరు పోస్తరు?

మా సైన్స్ సారు పోయారని మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తిరుమలగిరిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. ప్రాణం పోయి అప్పటికే గంటయిందట. ఆ గంటంతా నేను పిల్లలతో నవ్వుతూనే ఉన్నాను. అంగారకుడి మీద దిగే నౌకల గురించి సారు ఎప్పుడూ అనేవారు: "అంత దూరంకెళ్లి మనకు కబురు వచ్చేసరికి ఆడ పని ఖతమై ఉంటది." విన్న ప్రతిసారీ తలూపేదాన్ని. అర్థమైంది మాత్రం ఆ రోజే.

మాడుగులపల్లి బడిలో ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. చేతిరుమాలుతోనే బోర్డు తుడిచి, అదే రుమాలుతో ముఖం తుడుచుకునేవారు. సాయంత్రానికి మనిషంతా సుద్దపొడే. మీకూ ఇట్లాంటి సారు ఒకరు ఉండే ఉంటారు. కానీ ఎవరో ఏ దేశం నుంచో పంపిన యంత్రం అంగారకుడి మీద దిగుతోందంటే, ఇంటికి చుట్టాలు వస్తున్నంత హడావుడి చేసే సారు మాత్రం మాకే దొరికారు.

ఒకసారి మాకు పోటీ పెట్టారు. అట్టపెట్టెలో బల్బు అమర్చి బడి డాబా మీది నుంచి వదలాలి. కింద పడ్డాక బల్బు వెలగాలి. మా జట్టు మహా తెలివైనది. పక్కనే ఉన్న రైస్ మిల్లు నుంచి నాలుగు బస్తాల ఊక మోసుకొచ్చి కింద కుప్ప పోశాం. పెట్టె మెత్తగా పడింది, బల్బు వెలిగింది, మేం గంతులేశాం. సారు ఆ కుప్ప వంక చూసి, "మంచిగనే ఉంది బిడ్డా. అంగారకుడి మీద ఊక ఎవరు పోస్తరు?" అన్నారు. పెట్టెను గట్టిగా చేయాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. వడ్ల ఊరి పిల్లలం, ఏది పడ్డా కింద ఊక ఉంటుందనే ధీమా మాది.

ఆ ధీమాతోనే పదో తరగతి లెక్కల పరీక్షలో అరగంట ముందే పేపర్ ఇచ్చేసి బయటికొచ్చాను. ఫెయిలయ్యాను. "సదివింది సాలు, గొర్లెంబడి రా" అన్నాడు మా నాయిన. కోపంతో అనలేదు. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. నాకు ఏడుపు ఆగలేదు.

సారు మా గొర్ల దొడ్డి దగ్గరికే వచ్చారు. అంతకుముందు ఏడాది అంగారకుడి మీద కూలిపోయిన ఒక నౌక సంగతి చెప్పారు. "అది ఆకాశంల ఉండంగనే నేల మీదికి వచ్చిన అనుకున్నది. పారాచూట్ ఇడిసిపెట్టింది. నువ్వు చేసింది గదే." తర్వాత నాయిన వైపు తిరిగి, "దాన్ని పంపినోళ్లు పని బంద్ పెట్టలే. ఇంకోటి తయారు చేస్తున్నరు. నీ బిడ్డను ఇంకొక్కసారి రాయనియ్యి" అన్నారు.

నాయిన దొడ్డి తడిక బిగించి సారు వైపు తిరిగాడు. "ఒక్కసారే సారు. గిప్పుడు తప్పితే ఇగ అడగొద్దు."

రోజూ ఆటోలో మిర్యాలగూడ వెళ్లేదాన్ని. సారు వాళ్ల వసారాలో కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. పరీక్షనాడు సెంటర్ దాకా రమ్మని బతిమాలితే మాత్రం రానన్నారు. "దిగేటప్పుడు ఎవరూ పట్టుకోరు బిడ్డా. దానికి ఏం నేర్పినమో అదే దానికి దిక్కు." నాకు ఒళ్లు మండింది. గేటు దగ్గర నిలబడితే ఆయన సొమ్మేం పోయిందని తిట్టుకుంటూ వెళ్లాను. ఆఖరి బెల్లు దాకా కూర్చుని ప్రతి లెక్కా రెండోసారి చూశాను. బయట జిరాక్స్ దుకాణం నుంచి ఫోన్ చేస్తే సారు ఒక్కటే అడిగారు.

"ఎప్పుడు బయటికొచ్చినవ్?"

"బెల్లు కొట్టినంక సార్."

ఫోన్ పెట్టేశారు. ఎట్లా రాశావని కూడా అడగలేదు. పాసై, చదువుకుని, ఈ ఉద్యోగం దాకా వచ్చినా ఆ చిన్న బాధ నాలో అట్లాగే ఉండిపోయింది.

మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు సారు భార్యతో, మా మేడంతో, ఆ మాటే అన్నాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"ఆ రోజు మీ సారు కుదురుగ కూసున్నడా బిడ్డా? పొద్దుగాల నుంచి ఫోన్ చేతిల పట్టుకొని ఇంట్లకు బయటికి తిరుగుడే. టిఫిన్ తినలే, నాతోని మాట్లాడలే. జర కూసోరాదు అంటే నా మీదికి లేసిండు. నీ ఫోన్ వచ్చినంక గోడకు ఆనుకొని కండ్లు తుడుసుకున్నడు. 'దిగింది, అన్నం పెట్టు' అన్నడు. పప్పుచారుతోని మూడుసార్లు పెట్టించుకొని తిన్నడు."