పన్నెండో మంచం

కంప్యూటర్‌కు అర్థమయ్యే కోబాల్ భాషలో ప్రోగ్రాం రాసేటప్పుడు ఒర్టెన్సియా అక్క పెదవులు కదిలేవి. ఆమె కాగితాల మీద రాసిచ్చిన వరుసల్ని నేను కంప్యూటర్ చదివే అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేసేదాన్ని. వాల్పరాయిసో రేవుపట్నంలో, కొండ మీది ఆసుపత్రిలో, బట్టలుతికే గది పక్కన, ఇద్దరం తొమ్మిదేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. నాకంటే ఆరేళ్లు పెద్దది, వంద రెట్లు మొండిది.

వంటగదికి రోజూ వెళ్లే పథ్యం జాబితాను కంప్యూటర్ చేత అచ్చు వేయించాలన్నది ఆమె పంతం. ఎనిమిది వార్డులు, వార్డుకు పన్నెండు మంచాలు. ఎవరికి ఉప్పు లేని పులుసో, ఎవరికి మెత్తటి అన్నమో అంతా ఒక్క పట్టికలో ఉండాలి. నిలువుగా వార్డులు, అడ్డంగా మంచాలు. అప్పటిదాకా దాన్ని పెద్ద నర్సు ఇస్మేనియా పెన్సిల్‌తో రాసేది.

"ఒక్కరి కడుపైనా మాడిందా, నీ కాగితాలు పొయ్యిలోకే," అని ఇస్మేనియా మొదటే చెప్పేసింది.

"మాడదులే. నీ వెనక తిరిగే కదా నేర్చుకున్నాను," అంది ఒర్టెన్సియా.

నిజమే, వారం రోజులు తిరిగింది. నర్సు ఒక వార్డులోకి వెళ్తుంది, మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా చూస్తుంది, ఆ తర్వాతే రెండో వార్డు తలుపు తీస్తుంది. ప్రోగ్రామూ అంతే. బయట ఒక చుట్టు, దాని కడుపులో మరో చుట్టు. బయటిది ఒక అడుగు వేసేలోపు లోపలిది పూర్తిగా తిరిగి రావాలి. నా మట్టిబుర్రకు ఎక్కకపోతే టీ కప్పులు పేర్చి మరీ చూపించింది.

జాబితా మొదలైన మూడు రోజులు ఇస్మేనియాకు వంక దొరకలేదు. ప్రతి వార్డులోనూ చివరి మంచాన్ని అత్యవసరానికని ఖాళీగా ఉంచేవారు. నాలుగో రోజు ఆమె మా గదిలోకి దూసుకొచ్చింది.

"ఆరో వార్డు, పన్నెండో మంచం! నిన్న పొద్దున చేరిన ముసలాయనకి ఇప్పటిదాకా మెతుకు లేదు. వంటవాళ్లేమో కాగితంలో లేడంటారు. మా నర్సు పిల్లలేమో డాక్టరే పస్తు పెట్టాడనుకున్నారట!"

ఒర్టెన్సియా ప్రోగ్రాం తీసి ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివింది. లోపలి చుట్టు దగ్గర వేలు ఆగింది. 'మంచం పన్నెండుకు సమానమైతే ఆగు' అని రాసి ఉంది. కోబాల్ 'ఆగాలా' అని ముందు అడుగుతుంది, తర్వాతే పని చేస్తుంది. అంచేత పన్నెండు రాగానే ఆగిపోయింది, పన్నెండో మనిషిని ముట్టుకోనే లేదు. 'పన్నెండు దాటితే' అని రాయాల్సింది. బయటి చుట్టులో మాత్రం 'ఎనిమిది దాటితే' అని శుభ్రంగా రాసింది, మహాతల్లి!

కొత్త కార్డు నేనే పంచ్ చేశాను. "డాక్టర్ పస్తు పెట్టాడనే అనుకోనీ అక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. నాకామె ఉద్యోగం ముఖ్యం.

"నోర్ముయ్," అని వంటగదికి వెళ్లి, గుమ్మడికాయ ముక్కలేసిన కోడి పులుసు గిన్నెతో ఆరో వార్డుకు నడిచింది. నేనూ ఇస్మేనియా వెనకే వెళ్లాం.

ఆ ముసలాయన పేరు లియాండ్రో ఒయార్సో. ఒకప్పుడు రేవులో మూటలు మోసినవాడు, ఛాతీ జబ్బుతో చేరాడు. పులుసు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"నాకెందుకమ్మా? తిండి ఆపేశారంటే నా పని అయిపోయినట్టేగా."

"కాదు తాతా. డాక్టర్ ఆపలేదు. నేనే తప్పు రాశాను. మెషీన్ మీ మంచం దాకా రాకుండానే ఆగిపోయింది."

ఆయన ముఖం మళ్లీ ఇటు తిప్పాడు. "అయితే నేను చావట్లేదా?"

"లేదు తాతా," అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

ఇస్మేనియా గిన్నెను ఆయనకు దగ్గరగా జరిపింది. "రేపటి కాగితం నేను చదివాకే వంటగదికి పోవాలి," అంది. పొయ్యి మాట ఎత్తలేదు.

ముసలాయన గిన్నె ఖాళీ చేసి నాలుక్కరుచుకున్నాడు. "పొద్దున పక్క మంచం ఆయన చేత తల్కావానోలో ఉన్న మా తమ్ముడికి ఉత్తరం రాయించాను. పోతున్నాను, ఒకసారి రా అని. పోస్టులో కూడా పడిపోయింది. ఒక పడవ దగ్గర గొడవపడ్డాం. ఇరవై ఏళ్లుగా మాటల్లేవు మాకు."

ఒర్టెన్సియా చటుక్కున లేచింది. "చిరునామా చెప్పండి తాతా. కంగారుపడొద్దని ఇప్పుడే టెలిగ్రాం ఇస్తాను."

లియాండ్రో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ. ముందు వాణ్ణి రానీ."

తప్పు కనబడితే తిండి మానేసి దిద్దే మనిషి, ఉత్తరంలోని ఆ ఒక్క తప్పునూ దిద్దకుండా ఆయన పక్కనే కూర్చుండిపోయింది.